గడియారం పక్కన పదకొండు గుర్తులు

అనంతపురం,
20-1-2025

పుష్పావతి వదినకు,

మిషను చేరింది. ముందుగా ఆ మాటే రాస్తున్నాను, మిగతాదంతా చదవకముందే నీ మనసు కుదుటపడాలని. కదిరిలో బస్సు మారేటప్పుడు కండక్టరు ఆ గోనెసంచి కింద పెట్టమన్నాడు. నేను వినలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నాను. "ఏముండాదమ్మా దాంట్లో, పుంజా?" అని అడిగాడు. కంప్యూటరని చెప్తే నమ్మలేదు, మూతి విప్పి చూపించాల్సి వచ్చింది. ముదిగుబ్బ దాటేసరికి మోకాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. అయినా దించలేదు. అన్న పదేళ్ళు దాని ముందు కూర్చున్నాడు, నేను మూడు గంటలు మోయలేనా అనుకున్నాను.

ఫోను చేస్తే నీ ఎడమ చెవికి ఆనదు, కుడి చెవికి ఆనించుకుంటే నా గొంతు గీమంటుందంటావు. అందుకని ఇలా రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరం వేయడానికి పోస్టాఫీసు వెతుక్కుంటూ పోతే అక్కడి గుమాస్తా నన్ను పైకీ కిందికీ చూశాడు. నువ్వూ తీరిక చేసుకుని రాయి.

ఇక మిషను సంగతి. మా కాలేజీ ల్యాబులో మారెప్ప అని ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా మా కంప్యూటర్లన్నీ అతని చేతి మీదుగానే బతుకుతున్నాయి. దుమ్ము దులిపి, ఏదో ఒక ముక్క మార్చాడు. ఇప్పుడు తొందరగానే తెరుచుకుంటోంది. అన్న సంవత్సరీకానికి నేను వచ్చినప్పుడు నువ్వొక మాట అన్నావు, తెర కింద మూలన గడియారం పక్కన వరుసగా బొమ్మలున్నాయని, ఏది నొక్కితే ఏం పోతుందోనని భయమేస్తుందని. ఆ బొమ్మల వెనక నిజానికి ఏమీ లేదట. అన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క స్టూడియో ప్రసూన వచ్చి మన జిరాక్సు షాపు చూసుకుంది కదా, మిషను నెమ్మదిగా ఉందని అప్పుడే చాలా ప్రోగ్రాములు తీసేసిందట. ప్రోగ్రాము పోయినా దాని గుర్తు పోదని మారెప్ప చెప్పాడు. "ఈ మిషను ఒగసారి సూసినోళ్ళను మర్సిపోదు మేడం. మనిషి పోయినా పేరు రేషను కార్డులో ఉన్నట్ల ఉంటాది," అన్నాడు.

అలాంటివి పదకొండు ఉన్నాయి. ఆ పాత గుర్తులన్నీ తీసేస్తే నీకు షాపులో కూర్చోవడం సులువవుతుంది. నువ్వు సరే అంటేనే తీసేస్తాను. వెంటనే ఒక ముక్క రాయి.

నీ చెవి జాగ్రత్త. చలిగాలికి గుడ్డ కట్టుకో.

హేమ


తనకల్లు,
28-1-2025

హేమకు,

నీ జాబు అందింది. మిషను చేరినందుకు సంతోషం.

గుర్తులు తీసేస్తాను, నువ్వు సరే అంటేనే అని రాసినావు. మూడుసార్లు చదివినాను. పోయినేడు గూడా నువ్వు ఇట్లే అడిగినావు. దినాల రోజు బయమ్మత్త రాయి చేతబట్టుకొని కూర్చుంటే నువ్వు అడ్డం వచ్చినావు. పగలగొట్టొద్దు, నేను తీస్తాను అంటివి. నా ముందర కూర్చొని, "వదినా, నేను తీసేదా?" అని మెల్లగా అడిగితివి. చుట్టూ ఉన్నోళ్ళంతా సదువుకున్న పిల్ల ఎంత మెత్తన అనిరి. నేను సరే అన్నానో కాదన్నానో నీకు జ్ఞాపకం ఉండాదా? నేను ఏమీ అనలేదు. చేతులు చాపినాను, అంతే.

ఇన్నాళ్ళు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాండా. రాయితో కొట్టింటే టప్పున పోయిండును. నేనూ ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుందును. నువ్వు సోపు రాసి ఒక్కొక్కటీ, ఒక్కొక్కటీ, పన్నెండు గాజులు తీసినావు. ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు, నాకు తెలుసు.

ఈడ షాపు సంగతి విను. రూము కొండప్పది కదా. ఉగాది లోపల షాపు తీయి, లేదంటే వేరే వాళ్ళకు ఇచ్చుకుంటానని కబురు పెట్టినాడు. మంచోడే, ఏడాది ఓర్చుకున్నాడు. మొన్న తలుపు తీసి ఊడుస్తాంటే అడంగల్ జిరాక్సుకు ఒకాయన వచ్చినాడు. నా మొగం చూసి, "మళ్ళా వస్తాలేమ్మా," అని పోయి ప్రసూన స్టూడియో మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకెవరన్నా ముందు బోణీ చేస్తే వద్దామని. మిషను లేదు నాయనా, నువ్వు కూర్చున్నా లాభం లేదు అని నేనే పోయి చెప్పి వచ్చినాను.

ఇంక నా దగ్గర తీసేదానికి ఏం గుర్తులు మిగిలినాయి? ఆ మిషనులో ఉండేవి మీ అన్నవి. ముట్టొద్దు.

ఇట్లు,
పుష్పావతి


అనంతపురం,
3-2-2025

వదినా,

నీ జాబు కాలేజీకి తీసుకెళ్ళి, క్లాసుకూ క్లాసుకూ మధ్య మళ్ళీ మళ్ళీ చదివాను. గుర్తులు అని రాసేటప్పుడు ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు. తట్టలేదంటే నమ్ముతావో లేదో. పిల్లలకు ఇరవై ఏళ్ళుగా చరిత్ర చెప్తున్నదాన్ని, మాట ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో చెప్పేదాన్ని. నా చేతి మాట నాకే తెలియలేదు.

కంప్యూటరులో చిన్న బొమ్మలను మారెప్ప గుర్తులంటాడు, నేనూ అదే రాశాను. అంతకంటే ఏమీ లేదు, ఒట్టు.

సోపు సంగతి. బయమ్మత్త చేతి రాయి చూసి ముందుకు వచ్చాను. ఆపమని గట్టిగా అనాల్సింది. ఈ తతంగమే వద్దు, మా వదిన చేతులు ముట్టుకోవద్దు అని అనాల్సింది. ఆ మాట నోటి దాకా వచ్చింది, చుట్టూ అంతమందిని చూసి మింగేశాను. మింగేసి, దాని బదులు సోపు తెమ్మన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి, నేనేదో ఒక మెట్టు తగ్గించగలిగానని అనుకున్నాను కూడా. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నువ్వు ముట్టొద్దన్నావు, సరే. కానీ అవి ఏమిటో నీకు తెలియాలి కదా అని రాసి పంపుతున్నాను. ఒక్కొక్క గుర్తు మీద బాణం పెడితే అది చివరిసారి చూపించిన మాట కనబడుతుంది. ఉన్నవి ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తున్నాను. పాత ప్రింటరుది "కాగితం లేదు". దాని తర్వాత కొన్న ప్రింటరుది "సిరా తక్కువగా ఉంది". కరెంటు పోతే మిషనును నిలబెట్టే బ్యాటరీ పెట్టె ఉండేది కదా, దానిది "ఇంకా పదకొండు నిమిషాలు". పింఛన్ల వాళ్ళ వేలిముద్ర పెట్టెది "వేలు మళ్ళీ పెట్టండి". వైరస్ మందుది "మీ గడువు ముగిసింది". నెట్టుకు గుచ్చే డాంగిలు పుల్లది "సంబంధం తెగిపోయింది". తెలుగు టైపుది ఒక్క అక్షరం, "తె". స్కానరుది "సిద్ధంగా ఉంది". స్పీకరుది "శబ్దం లేదు". ఏదో ఫైలు దించుకునేదానిది "పూర్తయింది".

రాస్తుంటే నాకే ఎలాగో అనిపించింది. ఎవరూ ఎవరికోసమూ రాయని మాటలు ఇవి.

ఇక్కడ పరీక్షల హడావుడి. నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తోంది. ఇంకో మాట, అడగకూడదేమో. ప్రతి ఏడూ కదిరి తేరు అయ్యాక నువ్వు పంపే గాజుల పొట్లం పోయినేడు రాలేదు. ఎలా వస్తుంది, నాకు తెలియక కాదు. వచ్చినా నేను వేసుకునేదాన్నీ కాదు, నీకు తెలుసు, బీరువాలో పొట్లాలు పొట్లాలుగానే ఉన్నాయి. కానీ రాకపోయేసరికి, నీ నుంచి నాకు రావలసినది ఏదీ ఇక రాదని ఖాయమైనట్టు అనిపించింది.

కొండప్పతో నేను మాట్లాడనా? వద్దంటే వద్దు.

హేమ


తనకల్లు,
11-2-2025

హేమకు,

కొండప్పతో నువ్వేం మాట్లాడొద్దు. నువ్వు ఉద్యోగస్తురాలివని ఇంకో షరతు పెడతాడు. నేను చూసుకుంటా.

నీ చీటీ చదివినాను. బాగా రాసినావు, మీ అన్న రూములో ఉన్నట్లే ఉండాది. ఆ పదకొండు నిమిషాల పెట్టె జ్ఞాపకం ఉండాది. కరెంటు పోతానే అది కుయ్ కుయ్ అంటాంటే, ఈయన ఉరికి ఉరికి కాగితాలు తీసేవాడు, కుర్చీల్లో ఉన్నోళ్ళంతా పరీక్ష రాస్తాండే పిల్లోళ్ళ మాదిరి ఊపిరి బిగబట్టేవాళ్ళు. వేలిముద్ర పెట్టె అంటే నల్లమ్మవ్వ. కలుపు తీసి తీసి ఆ యవ్వ వేళ్ళలో గీతలే లేవు. పది వేళ్ళూ పెట్టించి, కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్ళా పెట్టించేవాడు. "నాయనా, నేను ఉండానని నీ పెట్టె ఒప్పుకుంటాదా లేదా?" అని అడిగేది. ఆ యవ్వ మొన్న బజారులో కనిపించి, నీ షాపు ఎప్పుడు తీస్తావే అని గదమాయించింది.

అది సరే. నాకొకటి చెప్పు. నువ్వు పదకొండు గుర్తులు అని రాసినావు. చీటీలో పదే ఉండాయి. వేళ్ళ మీద పెట్టి చూసినాను, నేను పదో తరగతి దాకానే సదివినా లెక్క తప్పను. పదకొండోది ఏది?

మర్సిపోయినానంటావా? నువ్వు మర్సిపోయేదానివి కాదు. నువ్వు దాచినావు. నాకు తెలియకూడనిది ఏమన్నా ఉండాదా దాంట్లో? ఆయనకు ముందే జబ్బు తెలుసా? ఏదన్నా ఆసుపత్రి పేరు రాసి పెట్టుకున్నాడా? లేక ఎవరన్నా మనిషా? ఇంత వయసులో నాకు ఏ మాటా కొత్త కాదు. నాలుగు దినాల నుంచి కూడు సహించడం లేదు. ముట్టొద్దన్నాను గదా, అట్లే ఉంటాది. నేనే బస్సెక్కి వచ్చి నీ ముందర తెరిపించుకొని చూస్తా.

పుష్పావతి


అనంతపురం,
15-2-2025

వదినా,

రావద్దు. వచ్చినా చూడటానికి ఏమీ లేదు.

ఇది ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, తర్వాత నీ ఇష్టం.

నువ్వు సరే అంటేనే తీసేస్తానని జనవరి ఇరవైన రాశాను కదా. ఆ ఉత్తరం రాసేటప్పటికే తీసేశాను. అంతకు ముందురోజు ఆదివారం. మారెప్ప ఒక కాగితం మీద వరుసగా రాసిచ్చాడు, ఎక్కడికి పోవాలి, ఏ రెండు పేర్లు చెరపాలి, చెరిపాక ఏం చేయాలి అని. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేశాను. చేయగానే తెర కింద పట్టీ మొత్తం మాయమైపోయింది. ఒక క్షణం తర్వాత మళ్ళీ వచ్చింది, అందులో గడియారం ఒక్కటే ఉంది. పని బాగా చేశానని సంతోషించాను. ఆ తర్వాత అనిపించింది, వదినను అడగలేదే అని. అప్పుడు కూర్చుని అడుగుతున్నట్టు ఉత్తరం రాశాను.

నువ్వు ముట్టొద్దని రాశాక కూడా చెప్పలేదు. అన్నీ అక్కడే ఉన్నట్టు చీటీ రాసి పంపాను. తీసేముందు ఒక పాత ప్రశ్నపత్రం వెనక అన్నీ రాసిపెట్టుకున్నాను, అలవాటు చొప్పున. అది చూసే రాశాను.

పోయినేడు కూడా అంతే వదినా. "నేను తీసేదా?" అని అడిగేసరికే నా చేతిలో సోపు ఉంది. నీ జవాబు కోసం కాదు అడిగింది. ఇంతకాలం ఇది నాకు నేనే చెప్పుకోలేదు, నీ జాబు చదివాక చెప్పుకోక తప్పలేదు.

పదకొండోది. జబ్బు కాదు, మనిషి కాదు, నీ మీద ఒట్టు. అన్న పనులు మరిచిపోకుండా గుర్తుచేసే చిన్న ప్రోగ్రాము ఒకటి పెట్టుకున్నాడు. గంట బొమ్మ. దాని మీద బాణం పెడితే తెలుగులో ఉంది, అన్న చేత్తో కొట్టుకున్నది: "గాజులు 2-8".

అంతే ఉంది. ఆగస్టు రెండో తారీకున నీకు గాజులు కొనాలని పోయినేడు జనవరిలోనే రాసి పెట్టుకున్నాడు. మీ పెళ్ళి శ్రావణంలో కదా, ఆ రోజే అయ్యుంటుంది. ఏడు నెలల ముందే రాసుకున్నాడంటే ఎంతగా అనుకున్నాడో. అది రాసుకున్న వారానికే ఆసుపత్రిలో చేరాడు. ఆ తర్వాత పదిహేను రోజులకు ఆ గాజులు వేయించుకోవలసిన చేతుల నుంచి నేను ఉన్న గాజులు తీశాను. ఆ పదకొండోది నీకు ఎలా రాయను? నీకు బాధ అని కాదు దాచింది, నువ్వు నన్ను చూసే చూపు తలచుకుని దాచాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఇక దాచడానికి ఏమీ మిగలకూడదు. ఆ రోజు బయమ్మత్త ఆ పన్నెండు గాజులు నా చేతికిచ్చి, పారే నీళ్ళలో వేసి రమ్మంది. వంకకు పోతే ఒక్క చుక్క లేదు. ఇసుకలో వేయబుద్ధి కాలేదు, రుమాలులో కట్టి బ్యాగులో వేసుకున్నాను. వేశానని ఇంట్లో అబద్ధం చెప్పాను. పామిడిలో పెన్న ఉంది కదా, అక్కడ వేద్దామని ఒక సెలవు రోజు బస్సెక్కి పోయాను. పెన్న కూడా ఇసుకే. వంతెన కింద పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మళ్ళీ తెచ్చుకున్నాను. మొన్న అక్టోబరు వానలకు నీళ్ళు వచ్చాయని విన్నాను, కానీ అప్పటికి పోవాలనిపించలేదు. అవి నా బీరువాలో, నువ్వు పంపిన పొట్లాల పక్కనే ఉన్నాయి. పగుళ్ళు లేవు.

తిట్టు. కానీ రాయి.

హేమ


అనంతపురం,
9-3-2025

వదినా,

ఇరవై రోజులైంది. నీ నుంచి ఏమీ రాలేదు. ప్రసూన నంబరుకు ఫోను చేస్తే, బాగానే ఉండాది అక్కా, పనిలో ఉండాది అని పెట్టేసింది. పనిలో ఉన్నావన్న మాట నిజమైతే చాలు.

మిషను రేపు కదిరి బస్సులో పంపుతున్నాను, డ్రైవరు ఈశ్వరప్ప మనకు తెలిసినవాడే, తనకల్లు దాకా చేర్పిస్తానన్నాడు. నేనే తెద్దామనుకున్నాను. నువ్వు తలుపు తీస్తావో లేదో అని ధైర్యం చాలలేదు. జిరాక్సుకు, ప్రింటుకు, స్కానుకు ఏది నొక్కాలో తెర మీద పెద్ద అక్షరాలతో పెట్టాను. గడియారం పక్కన నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. అది రాయడానికి కూడా నాకు చేయి రావడం లేదు.

ప్రశ్నపత్రం వెనక నేను రాసుకున్న అసలు చీటీ కూడా సంచిలో పెట్టాను. పదకొండూ ఉన్నాయి. అది నీదే.

హేమ


తనకల్లు,
23-3-2025

హేమకు,

మిషను వచ్చింది. ఈశ్వరప్ప దించి, బిగించి, టీ తాగి పోయినాడు. నువ్వు పెట్టిన పెద్ద అక్షరాలు మరీ అంత పెద్దవి అక్కరలేదు, నాకు చెవి పోయింది గాని కండ్లు బాగానే ఉండాయి.

జవాబు రాయలేదని నువ్వు ఏడుస్తాంటావని తెలుసు. కోపం వచ్చే రాయలేదు. అడిగినట్ల అడిగి చేసేది నీకు చిన్నప్పటి నుంచి ఉండాది. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నీకు పన్నెండేండ్లు. నా పెట్టెలోని రిబ్బను కట్టుకొని వచ్చి, "వదినా, ఇది కట్టుకునేదా?" అని అడిగితివి. అప్పుడు నవ్వినాను. దినాల రోజు నవ్వు రాలేదు. ఈ తూరి గూడా రాలేదు. నీకు చెప్పేదానికి ఇంతకంటే నాకు మాటలు లేవు. అడిగితే ఆగు. అంతే.

ఇప్పుడు పదకొండోది. నువ్వు అంత సదువు సదివి, ఇరవై ఏండ్లు తారీకులు చెప్పి, ఏం రాసినావమ్మా? మా పెళ్ళి ఆగస్టు ఇరవై అయిదున. రెండున కాదు. మీ అన్న యానాడూ పెళ్ళిరోజుకు నాకు గాజులు తెచ్చినోడు కాదు, పెళ్ళిరోజు అని ఒకటి ఉండాదని గూడా ఆయనకు తెలియదు. నీ జాబు చదివి ఒక దినమంతా నేను గూడా తారీకు అనే అనుకొని ఏడ్చినాను. మరుసటి రోజు బియ్యం ఏరుతాంటే తట్టింది.

2-8 తారీకు కాదు. సైజు. రెండు ఎనిమిది. గాజుల అంగట్లో అట్లే చెప్తారు. నువ్వు ఒక్కసారన్నా పోయి నీ చేతికి కొనుక్కోనింటే తెలిసిండేది. నాది రెండు నాలుగు. ఈ ఇంట్లో రెండు ఎనిమిది చెయ్యి నీదొక్కటే, మీ నాయన చెయ్యి వచ్చింది నీకు.

ప్రతి ఏడూ తేరుకు నీకు గాజులు పంపింది నేను కాదు, హేమా. మీ అన్న. తేరు లాగేటప్పుడు గూడా లాగకుండా గాజుల అంగడి కాడ నిలబడేవాడు. ఇంటికి తెచ్చి కాగితం చుట్టి, నీ పేరు రాయమని నాకిచ్చేవాడు. దాంతో నా రాత చూసి నేను పంపినానని అనుకున్నావు. ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు ఒంటి మీద మంటగా ఉండేది. నాకు యానాడూ తేలేదే, వేసుకోని దానికి మాత్రం ఏడాదికి డజను తెస్తాడే అని. ఒకసారి అడిగినాను గూడా. "వేసుకుంటాదో లేదో దాని ఇష్టం. ఇచ్చేది నాది," అన్నాడు.

కాబట్టి ఆ పదకొండో గుర్తు నీది. నువ్వు చెరిపింది నీదే. నాకు చెప్పుకోవాల్సిన తప్పు దాంట్లో లేదు, మిగతా దాంట్లో ఉండాది.

షాపు పోయిన సోమవారం తీసినాను. బోణీ నల్లమ్మవ్వ. ఆధార్ కాగితం ఒకటి జిరాక్సు తీయించుకుంది, దేనికవ్వా అంటే, "నీకెందుకే, ఒకటి తీయి," అనింది. మెట్ల మీద కూర్చున్నాయన అది చూసి లేసి వచ్చినాడు. కొండప్ప వచ్చి తొంగి చూసి పోయినాడు. బొట్టు సంగతి అడుగుతావేమో. అది నేనే చూసుకుంటా, నువ్వు అడగొద్దు.

మొన్న తేరుకు కదిరికి పోయింటి. ఆయన నిలబడే అంగడి కాడనే నిలబడినాను. రెండు ఎనిమిది, డజను, ఆకుపచ్చవి. ఆ అంగడాయన నన్ను చూసి, ఎవరికమ్మా అని అడిగినాడు. మా ఆడబిడ్డకు అని చెప్పినాను. నీకు పోస్టులో పంపను. ప్రింటరు కింద సొరుగులో పెట్టినాను, వచ్చి తీసుకో. వేసుకునేది నీ ఇష్టం.

వచ్చేటప్పుడు ఆ రుమాలు తీసుకొని రా. నీళ్ళు వచ్చినాయి గదా అని పెన్నకు పోవద్దు. అవి నావి, రెండు నాలుగువి. తీసింది నీ చెయ్యి, కాబట్టి ఎక్కించేది గూడా నీ చెయ్యే. ఈ తూరి సోపు అక్కరలేదు. నేను సన్నబడినాను, వాటంతట అవే ఎక్కుతాయి.

గడియారం పక్కన మొత్తం బోసిగా ఉండాది. వచ్చినప్పుడు ఆ గంట బొమ్మది మళ్ళా పెట్టి, ఎట్ల రాయాల్నో నాకు నేర్పిచ్చు. వచ్చే తేరుకు మర్సిపోతాను.

ఇట్లు,
మీ వదిన
పుష్పావతి